ఇంటి సాక్ష్యం

జూన్ 1, శనివారం

చిన్నోడు వచ్చాడు.

నిన్న సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి మెట్ల మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. "కొంచెం జరగండి" అన్నాను. "అక్కా, నేనే" అన్నాడు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు, నేను "అండి" అన్నాను వాడిని. చేతిలో ఒక సంచీ. సంచీలో ఒక జత బట్టలు, ఒక దువ్వెన. నెత్తి మీద జుట్టు లేదు గానీ దువ్వెన మాత్రం ఉంది.

"ఉండనిస్తావా?" అని అడిగాడు. "అమ్మ మంచం ఖాళీగానే ఉంది" అన్నాను. వాడు కనబడితే ఇది అడగాలి, అది అడగాలి అని నాలుగేళ్ళుగా మనసులో పేర్చి పెట్టుకున్నాను. తీరా వాడు ఎదురుగా నిలబడితే ఒక్కటీ నోటికి రాలేదు. చెప్పులు విప్పమన్నాను, అంతే.

రేపు మందిరంలో పంచే ప్రభువు బల్ల కోసం ఇవాళ రొట్టె చేశాను. పులిసిన పిండి కాదు, ఉప్పు కూడా వెయ్యం, ఉత్త పిండీ నీళ్ళే. అందుకే చేయడం కష్టం. పెనం మరీ కాలితే మచ్చ పడుతుంది. మచ్చ పడినదాన్ని మా సంఘపెద్ద, పెద్దయ్య, తీసి పక్కన పెడతాడు. అమ్మ చేసినన్నాళ్ళూ ఆయనకి ఆ అవకాశం రాలేదు. అమ్మ పోయాక ఆ పని నాకు వచ్చింది. చిన్నోడు వంటగది గుమ్మంలో నిలబడి చూస్తూ, "అచ్చం అమ్మలాగే చేస్తున్నావు" అన్నాడు. అమ్మ మాట వాడు ఎత్తకుండా ఉంటే బాగుండేది. రెండు రొట్టెలకి మచ్చలు పడ్డాయి.

వాడి మీద నాకు కోపం లేదు. కోపం పెట్టుకుని బల్ల రొట్టె చేయకూడదని అమ్మ అనేది. కాబట్టి లేదు.

జూన్ 2, ఆదివారం

మందిరానికి వాడూ వచ్చాడు. రావద్దని ఎలా అంటాను? ఎవరూ చెప్పకుండానే చివరి బెంచీలో కూర్చున్నాడు. అక్కడ వాడు ఒక్కడే.

సంఘం వెలివేసిన రోజు వాడు నిలబడింది చివర్న కాదు. ముందు, రోజూ పాటలు నేర్పించే చోటే నిలబడి, "ఆమెను వదలను, మీరేం చేసుకుంటారో చేసుకోండి" అనేసి నడిచి వెళ్ళిపోయాడు. మొగుడున్న మనిషితో కాపురం పెట్టాడు. పెద్దలు నెలల తరబడి బతిమాలారు. అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. తర్వాత ఆ మనిషి తన దారి తను చూసుకుంది, వీడికి తాగుడు మిగిలింది. ఇదంతా వాళ్ళూ వీళ్ళూ చెప్తే మాకు తెలిసింది.

బల్ల దగ్గర గలాటా అయింది. మన పాస్టరుగారు కొత్త కదా, రొట్టె పళ్ళెం పట్టుకుని తిన్నగా చివరి బెంచీదాకా వెళ్ళిపోయారు. పెద్దయ్య గబగబా లేచి మోచెయ్యి పట్టుకుని ఆపాడు. చిన్నోడు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, తల గోక్కోవడానికే ఎత్తినట్టు గోక్కున్నాడు.

ఆరాధన అయ్యాక పెద్దల గదిలోకి నన్నూ పిలిచారు. పెద్దయ్య పాస్టరుగారికి పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"వెలివేసినవాడు తిరిగొస్తే ఏడుపు ఎవడైనా ఏడుస్తాడండీ. ఆదివారం ఏడుపు ఆదివారం దాకానే. అందుకని మా తాతల నాడే ఓ పద్ధతి పెట్టారు. వాడితో ఒక్క కప్పు కింద ఉండేవాళ్ళు సంఘం ముందు లేచి, 'ఇతను మారాడు, నా కళ్ళతో చూశాను' అని చెప్పాలి. ఇంటి సాక్ష్యం అంటాం. అది వచ్చేదాకా బల్ల లేదు. ఈలోగా పోతే మన సమాధుల తోటలో చోటూ లేదు."

"దేవుడు ఎవరి సాక్ష్యమూ అడగడు కదండీ" అన్నారు పాస్టరుగారు.

"దేవుడికి లోపల కనబడుతుంది. మనకి కనబడదు. ఇంట్లోవాళ్ళకి కాస్తో కూస్తో కనబడుతుంది."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. అందరూ నా వైపు చూశారు. "మొన్ననే కదండీ వచ్చింది, చూద్దాం" అన్నాను.

జూన్ 6, గురువారం

వాడి ప్యాంటు నడుము లోపలికి తీసి కుట్టాను. షాపులో రోజంతా లావైనవాళ్ళకి వదులు చేస్తూ ఉంటాను, ఇంటికొచ్చి ఇది. కుట్టు ఎడంగా వేశాను, మళ్ళీ విప్పాల్సి వస్తుందేమోనని.

జూన్ 11, మంగళవారం

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు వాడిని బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడాడు. కాలేయం మొత్తం పోయిందట. "ఇంట్లోనే ఉంచి బాగా చూసుకోండి" అన్నాడు. అమ్మకీ ఇదే మాట అన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలుసు.

బయటికి రాగానే "ఏమన్నాడు?" అని అడిగాడు.

"మందులు వాడితే తగ్గుతుందన్నాడు."

"నీకు అబద్ధం ఆడటం ఇంకా రాలేదక్కా. చిన్నప్పుడూ ఇంతే, ముక్కు ఎర్రబడిపోతుంది."

నవ్వుతున్నాడు! దారి పొడుగునా వెక్కిరిస్తూనే ఉన్నాడు. కింది వాటాలో ఉండే నర్సు రోజూ వచ్చి సూది మందు ఇస్తానంది. ఆవిడ మన సంఘం మనిషి కాదు, అసలు ఏ సంఘమూ కాదు. కానీ చెయ్యి మంచిది, అమ్మకీ ఆవిడే ఇచ్చింది.

జూన్ 16, ఆదివారం

"ఏమైనా కనబడిందా అమ్మాయ్?" అని పెద్దయ్య మెట్ల దగ్గర ఆపి అడిగాడు. లేదని చెప్పాను.

లేదు మరి. పొద్దున లేస్తే హాస్యాలు. నర్సు సూది గుచ్చుతుంటే "మా అక్క కూడా రోజూ గుచ్చుతుందండీ, ఆవిడ సూది కనబడదు" అంటాడు. ఆవిడ పడీ పడీ నవ్వుతుంది. మారుమనస్సు పొందినవాడు ఇలా ఉంటాడా? అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేస్తాడు, నిజమే. అది మేం ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్నదే, అలవాటు. అలవాటుని సాక్ష్యం అంటే ఎలా? నేను న్యాయంగా చూస్తున్నాను. నా తమ్ముడని పక్షపాతం చూపిస్తే రేపు దేవుడికి నేను జవాబు చెప్పుకోవాలి.

జూన్ 20, గురువారం

అమ్మ ఎలా పోయిందని అడిగాడు.

చెప్పాను. ఏదీ దాచలేదు. మంచం మీద పడ్డ దగ్గర్నుంచి చెప్పాను. వీపు పుళ్ళు పడటం, రాత్రీ పగలూ తలుపు వైపే చూస్తూ ఉండటం, ఎవరు వచ్చినా "చిన్నోడా" అనడం, ఆఖరికి నన్ను కూడా చిన్నోడా అని పిలవడం. అన్నం పెడుతున్నది నేను, పక్క గుడ్డలు ఉతుకుతున్నది నేను. పిలిచేది వాడిని. నేను మనిషిని పెట్టి కబురు చేయడం, ఆ మనిషి "చెప్పాను, విన్నాడు" అని తిరిగి రావడం, వాడు రాకపోవడం. అంతా చెప్పాను.

వాడు గోడ వైపు చూస్తూ విన్నాడు.

"వచ్చానక్కా" అన్నాడు. "మెట్ల దాకా వచ్చాను. తాగి ఉన్నాను. ఆ వాసనతో అమ్మ దగ్గర ఎలా కూర్చోను అని, మత్తు దిగాక వద్దాం అనుకున్నాను. దిగేలోపు మళ్ళీ తాగాను."

తర్వాత మంచినీళ్ళు అడిగాడు. తాగి పడుకున్నాడు. ఒక్క కన్నీటి చుక్క లేదు. కన్నతల్లి గురించి అంత చెప్తే రాయి అయినా కరుగుతుంది. మారినవాడైతే ఏడ్చేవాడు.

మెట్ల దాకా వచ్చాడట. ఆ మాట వినకపోతేనే నయం. ఎక్కడో దూరంలో ఉండి రాలేదు అనుకున్నన్నాళ్ళూ నా మనసు కొంత కుదురుగా ఉండేది.

జూన్ 25, మంగళవారం

షాపుకి వెళ్ళి, సూదుల డబ్బా మర్చిపోయానని వెనక్కి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి వచ్చిన చప్పుడు వాడికి వినబడలేదు.

మంచం దిగి కింద మోకాళ్ళ మీద ఉన్నాడు. దిగడం ఎలా దిగాడో, ఎక్కడం ఎలా ఎక్కుతాడో తెలియదు. అమ్మ శాలువా ముఖానికి అదుముకుని ఏడుస్తున్నాడు. గట్టిగా కాదు. చిన్నపిల్లలు ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక ఎక్కిళ్ళు వస్తాయే, అలా. "తప్పయింది, తప్పయింది" అంటున్నాడు. అమ్మతోనో, దేవుడితోనో. వేరే మాట లేదు, అదొక్కటే.

డబ్బా తీసుకోకుండానే వెళ్ళిపోయాను. షాపులో వేరే వాళ్ళ సూది అడిగి తీసుకున్నాను.

జ్వరం వచ్చినప్పుడు కూడా మనిషి అలాగే ఏడుస్తాడు. నొప్పికి ఏడుస్తాడు. దేనికని ఎవరు చెప్పగలరు?

ఇది ఇక్కడ రాయాల్సింది కాదు.

జూన్ 26, బుధవారం

సూదులు తెచ్చుకున్నాను. షాపులో పని ఎక్కువగా ఉంది.

జూన్ 30, ఆదివారం

సాయంత్రం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. చిన్నోడు మెట్లు దిగలేకపోతున్నాడు కదా. ఇద్దరూ కలిసి పాటలు పాడారు. వాడి గొంతు పోయింది, రాగం మాత్రం పోలేదు. పాస్టరుగారు తప్పు పాడితే దిద్దుతున్నాడు కూడా.

వెళ్ళేటప్పుడు ఆయన నన్ను వరండాలోకి పిలిచారు.

"అమ్మా, వచ్చే ఆదివారం బల్ల ఉంది. మీరు లేచి రెండు ముక్కలు చెప్తే చాలు, ఆ సాయంత్రమే నేను ఇంటికి తెచ్చి ఇస్తాను."

"చూడనిది చూశానని ఎలా చెప్పనండీ?"

"ఏం చూడాలనుకుంటున్నారమ్మా?"

నేను తీగ మీద ఆరేసిన పక్క గుడ్డలు తీయసాగాను. ఆయన నెమ్మదిగా అన్నారు, "మనం మారాక దేవుడు కనికరించడు అమ్మా. ఆయన ముందే కనికరిస్తాడు, అందుకే మనం మారగలుగుతాం."

ఆయన వయసెంత, నా వయసెంత? ఈ మాటలు నేను ఆయన పుట్టకముందు నుంచీ వింటున్నాను. కనికరం ఉంది కదా అని ఎవడిష్టం వచ్చినట్టు వాడు తిరిగి, చివర్లో వచ్చి చెయ్యి చాపితే, ఇంట్లోనే పడి ఉండి చాకిరీ చేసినవాళ్ళ గతేమిటి? ఇది ఆయనతో అనలేదు. అనుంటే కోపమని అనుకునేవారు. నాకు కోపం లేదు. పద్ధతి అంటే పద్ధతి అంటున్నాను, అంతే.

జూలై 7, ఆదివారం

పెద్దయ్య సంఘం ముందు పిలిచి అడిగాడు. లేచి నిలబడ్డాను.

"నేనింకా చూడలేదండీ" అన్నాను.

పాస్టరుగారు నా ముఖం వైపే చూశారు. ముక్కు ఎర్రబడిందేమో నాకు తెలియదు. తర్వాత పళ్ళెం నా దగ్గరికి వచ్చింది, తీసుకున్నాను. నేను చేసిన రొట్టే. నమలకుండానే మింగేశాను.

ఇంటికి రాగానే వాడు "ఏమైంది?" అని అడగలేదు. "అన్నం తిన్నావా అక్కా?" అన్నాడు.

జూలై 11, గురువారం

పాస్టరుగారు వచ్చి వెళ్ళారని నర్సు చెప్పింది. తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నారట. నేను షాపులో ఉంటానని తెలిసే వచ్చినట్టున్నారు. ఇంటి ఆడమనిషి లేనప్పుడు రావడం ఏం మర్యాద?

వాడు మాత్రం హుషారుగా ఉన్నాడు. జావ గిన్నె మొత్తం తాగాడు. ముఖం తేటగా ఉంది. తగ్గుతుందేమో అని కాసేపు పిచ్చి ఆశ కూడా కలిగింది. నర్సు తల అడ్డంగా ఊపింది.

జూలై 13, శనివారం

వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా అడగనివాడు ఇవాళ అడిగాడు.

"అక్కా, బల్ల రొట్టె ముక్కలు ఉన్నాయా?"

విరిగినవీ మచ్చలు పడినవీ డబ్బాలో వేసి ఉంచుతాను. ఉన్నాయన్నాను.

"ఓ ముక్క నీ చేత్తో పెట్టవూ?"

"సంఘం ఇవ్వాలి. పెట్టడానికి నేనెవర్ని?"

"సంఘం సంగతి వదిలెయ్. నువ్వు పెట్టు."

చూశావా, ఇదీ వాడి బుద్ధి. అప్పుడూ సంఘం సంగతి వదిలెయ్ అన్నవాడే. పెట్టనన్నాను. సరేలే అన్నాడు, కోపం తెచ్చుకోలేదు.

జూలై 14, ఆదివారం

ఇవాళా అడిగాడు.

జూలై 16, మంగళవారం

ఇవాళా. నర్సు ముందే. ఆవిడకి ఏమీ తెలియదు కదా, "ఓ ముక్క పెడితే ఏమైందండీ, జావ కంటే తేలిగ్గానే అరుగుతుంది" అంది. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

జూలై 20, శనివారం

కామెర్ల పసుపు కళ్ళల్లోకి ఎక్కింది. నేను షాపు మానేసి ఇంట్లోనే ఉంటున్నాను. పక్క గుడ్డలు మార్చడం, ఒళ్ళు తుడవడం, వీపు కింద మెత్త పెట్టడం అన్నీ నేనే. ఎక్కడా లోటు చేయడం లేదు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఒక్క ముక్క రొట్టె పెట్టనందుకు ఎవరూ నన్నేమీ అనలేరు.

అడగడం మాత్రం మానడం లేదు. చెవిలో జోరీగలా.

జూలై 24, బుధవారం

ఒళ్ళు తుడుస్తుంటే మళ్ళీ అడిగాడు. నా నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మ నిన్ను ఎంత అడిగిందో తెలుసా? నువ్వూ అడుగు. అడుగుతూనే ఉండు. అడిగితే రాకపోవడం ఎలా ఉంటుందో తెలియాలి కదా నీకు?"

ఈ మాట నా కడుపులో ఎన్నాళ్ళ నుంచి ఉందో. బయటికి వచ్చాక నాకే భయమేసింది. తడి గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది.

వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. తర్వాత అన్నాడు.

"అమ్మ ఎప్పటిదాకా అడిగింది?"

"చివరిదాకా."

"అయితే నేనూ చివరిదాకా అడుగుతాలే."

వెటకారం కాదు. మామూలుగా, రేపు కూడా జావే చాల్లే అన్నట్టు అన్నాడు.

జూలై 29, సోమవారం

"కోపం ఉంటే తిట్టక్కా" అన్నాడు.

"నాకేం కోపం లేదు."

"ఉంది అని ఒక్కసారి అను. ఎవరూ లేరు ఇక్కడ."

"లేదన్నానా!"

గట్టిగా అరిచాను. కింద నర్సుకి వినబడి ఉంటుంది. వాడు చెయ్యి చాపి నా మోచెయ్యి మీద వేశాడు. చెయ్యి వేడిగా ఉంది. తీసెయ్యలేదు, అలాగే ఉంచాను. అంతవరకూ చేశాను.

వాడు మారాడు. నాకు తెలుసు. నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. చెప్పాలనుకుంటే పెద్దయ్య ఇల్లు రెండు వీధుల అవతలే.

ఆగస్టు 3, శనివారం

రేపు బల్ల. పొద్దున్నే పిండి కలిపాను. వాడికి మాట పడిపోయింది, నిన్నటి నుంచే. వంటగది తలుపు తెరిస్తే మంచం కనబడుతుంది. నేను రొట్టె తిప్పిన ప్రతిసారీ వాడి కళ్ళు ఇటే. నోరు కొంచెం తెరిచాడు. అడిగాడు. మాట లేకపోయినా అడిగాడు. నాకు అర్థం కానట్టు పెనం వైపు తిరిగాను.

రేపు సంఘంలో చెప్తాను, సాయంత్రం పాస్టరుగారే తెచ్చి ఇస్తారు, పద్ధతి ప్రకారం అయిపోతుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నానో, ఇప్పుడు రాస్తూ అనుకుంటున్నానో తెలియదు.

రొట్టెలు అన్నీ అయ్యాక వచ్చి చూశాను. నోరు అలాగే తెరిచి ఉంది.

ఇవాళ ఒక్క రొట్టెకీ మచ్చ పడలేదు.

ఆగస్టు 5, సోమవారం

నిన్న పెద్దయ్య ఇంటికి వెళ్ళి చెప్పాను. చూశాను అన్నాను. ఎప్పుడు చూశానో, శాలువా సంగతీ అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"పోయాక చెప్పిన సాక్ష్యం చెల్లదు అమ్మాయ్. అందరూ పోయాకే చెప్తారు, జాలితో. ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదు? నేను నిన్ను అడగని వారం ఉందా?"

లేదు. ఆయన తప్పు ఏమీ లేదు.

వాడిని అమ్మ పక్కన పెట్టనివ్వలేదు. బస్సులు ఆగే చోటు దాటాక ఉన్న అందరి శ్మశానంలో పెట్టారు. పాస్టరుగారు వచ్చారు, పెద్దలు వద్దన్నా వచ్చారు. నర్సు వచ్చింది. నేను. మోసినవాళ్ళు కూలి మనుషులు. పాట పాడటానికి ఎవరికీ గొంతు రాలేదు. పాటలు నేర్పించినవాడికి పాట లేకుండా మన్ను వేశాం.

ఆగస్టు 9, శుక్రవారం

ఏమీ లేదు.

ఆగస్టు 14, బుధవారం

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. వందనాలు కూడా చెప్పలేదు. గుమ్మంలోనే నిలబడి అన్నీ చెప్పేశాను. చూసి చూడలేదన్నాను. అడిగితే పెట్టలేదు. కోపంతో పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. నన్ను వెలివేయండి అన్నాను. నా తమ్ముడు బల్ల లేకుండా పోయాడు, వాడి నోటికి అడ్డం పడింది నేను అన్నాను.

ఆయన నన్ను కూర్చోబెట్టారు. తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"లేకుండా పోలేదమ్మా. నేను ఇచ్చాను. జూలైలో, ఆ గురువారం. మీరు షాపులో ఉన్నప్పుడు. పెద్దలకి తెలిస్తే నన్ను ఉండనివ్వరు. తెలిసే పద్ధతి తప్పాను."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. దేవా, వాడికి దొరికింది! నేను అడ్డం నిలబడినా నన్ను తప్పించుకుని వాడి దగ్గరికి వెళ్ళింది కనికరం. ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా తట్టింది.

గురువారం ఇస్తే, శనివారం నుంచి నన్నెందుకు అడిగాడు?

అదే అడిగాను. ఆయన చెప్పడానికి వెనకాడారు. చెప్పండి అన్నాను.

"ఆ గురువారమే చెప్పారమ్మా ఆయన. ఇక అక్కకి కూడా చెప్పేద్దామా అంటే వద్దన్నారు. 'నాకు దొరికిందండీ. మా అక్కకే దొరకలేదు. కోపం తనని తినేస్తోంది, తనకి తెలియడం లేదు. తను చేత్తో ఒక్క ముక్క పెడితే ఆ కోపం కాస్తా పోతుంది. నేను అడుగుతూ ఉంటాను, ఎప్పుడో ఒకప్పుడు పెడుతుంది. చిన్నప్పుడు కూడా ముందు కసిరి తర్వాతే పెట్టేది' అన్నారు."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

ఆగస్టు 15, గురువారం

చివరిదాకా అడుగుతాలే అన్నాడు.

నా కోసం.

ఆగస్టు 21, బుధవారం

షాపుకి వెళ్తున్నాను. చేతికి వచ్చిన బట్ట కుడుతున్నాను. ఇవాళ ఎవరిదో నడుము లోపలికి తియ్యాల్సింది వదులు చేసి ఇచ్చాను. షాపు యజమాని ఏమీ అనలేదు, నన్ను చూసి.

ఆగస్టు 28, బుధవారం

పాస్టరుగారు బల్ల రొట్టె ముక్క చిన్న గుడ్డలో చుట్టి తెచ్చారు. "తీసుకోండమ్మా, ఇది మీకూ ఉంది" అన్నారు.

దేవుడు క్షమిస్తాడని నాకు తెలియక కాదు. పశ్చాత్తాపపడినవాళ్ళని తోసెయ్యడని చిన్నపిల్లలకి ఆదివారం బడిలో నేనే చెప్పాను, ఏళ్ళ తరబడి చెప్పాను. నమ్ముతున్నాను కూడా. కానీ ఆయన ముక్క నోటి దగ్గర పెడితే పళ్ళు విడలేదు. వాడు నోరు తెరిచి అడిగితే నేను పెనం వైపు తిరిగాను. ఇప్పుడు నేను నోరు తెరవాలట.

గుడ్డ మళ్ళీ చుట్టి ఆయన చేతిలోనే పెట్టాను. వాడికి ఇచ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి, ఇచ్చేవాళ్ళు ఒక్కరైనా అక్కడ ఉండాలి అన్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం

రొట్టె నేను చేయలేదు. ఎవరు చేశారో అడగలేదు.

బల్లకి ముందు నేనే లేచాను. సంఘం ముందు చెప్పాను. మారినవాడిని కళ్ళారా చూసి, చూడలేదని ఇక్కడే నిలబడి అబద్ధం చెప్పాను, మనసులో పగ పెట్టుకుని చెప్పాను అన్నాను. కొందరు ఆడవాళ్ళు ఏడ్చారు.

పెద్దయ్య తల దించుకుని విన్నాడు. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. లేచాడు.

"నువ్వు మారావని నాకు నమ్మకమే అమ్మాయ్. కానీ అబద్ధ సాక్ష్యం చెప్పినవాళ్ళకీ పద్ధతి అదే. నీ కోసం ఒక రకం, ఇంకొకరి కోసం ఒక రకం పెట్టలేను. మీ ఇంట్లోవాళ్ళు ఎవరైనా లేచి చెప్పాలి."

అని, అన్నాక ఆయనకే తట్టినట్టుంది. నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

"మా ఇంట్లో ఎవరూ లేరండీ" అన్నాను.

పాస్టరుగారు "నేను చెప్తాను" అని లేచారు. మీరు ఆ ఇంట్లో ఉండరు కదండీ అని ఎవరో అన్నారు. నిజమే. నేను వెనక్కి నడిచి చివరి బెంచీలో కూర్చున్నాను. పళ్ళెం ఒక్కొక్క వరసా దాటుతూ వచ్చి, నా ముందు వరసలో ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది. నాకు కోపం రాలేదు. ఈసారి నిజంగానే రాలేదు.

వాడు ఉంటే చెప్పేవాడు. మొదటి ఆదివారమే, ఎవరూ అడగకుండానే లేచి చెప్పేవాడు. మా అక్క మారింది, నా కళ్ళతో చూశాను అని, నేను మారకముందే చెప్పేవాడు.